అమానతు

ఓష్ బజారు టాక్సీ స్టాండులో సైరాగుల్ నడిపే కారులో ఆరు సీట్లు నిండాయి. ఏడో సీటు కోసం ఊరి పేరు అరుస్తూ ఆమె గొంతు చించుకుంటోంది. "ఉజ్గెన్! ఒక్కరే, ఒక్కరే!" తలకి రెండువందల సోములు. గ్యాసు ఖర్చూ, స్టాండువాడి మామూలూ పోగా మిగిలేది భర్త కాలి మందులకీ, ఇంటి రొట్టెకీ సరిపోతోంది. కారు అప్పు వాయిదాకి రెండు నెలలుగా చాలడం లేదు.

ఏడో మనిషి వచ్చాడు గాని ఎక్కలేదు. తెల్ల జీపు ఆమె కారు ముందు అడ్డంగా నిలిపి దిగాడు. అప్పిచ్చిన కంపెనీ వసూళ్ల మనిషి ఎర్మెక్. ఆమె పుట్టింటి ఊరివాడే.

"సలాం అక్కా. బావ కాలెలా ఉంది?"

"కట్టు ఇంకా విప్పలేదు. జీపు తియ్యి తమ్ముడూ, జనం కూర్చున్నారు."

"జనం ముందు గొడవెందుకనే నేనూ వచ్చింది. కారు మా దగ్గర అమానతుగా పెట్టు. డబ్బు కుదిరినప్పుడు తీసుకుపో. ఇష్టపడి అప్పగిస్తున్నానని ఇక్కడొక సంతకం, అంతే."

అమానతు! ఆ మాట చెవిన పడగానే సైరాగుల్ బిగువు సడలింది. అమానతుగా, నమ్మి దాచమంటే పుచ్చుకున్నది గొర్రెపిల్లే అయినా, తన బిడ్డలకన్నా ముందు దానికి మేత చూడాలి. దాన్ని కాజేసినవాడి జనాజా వెంట నడిచేవాళ్లుండరు. ఆమె తాళంచెవి తీసింది. కలం కూడా అందుకుంది.

వెనక సీట్లో బియ్యం బస్తాని కావలించుకు కూర్చున్న ముసలావిడ గొణిగింది. "మా మరిదీ తన కారు వీళ్లకి అమానతనే ఇచ్చాడమ్మా. వారం తిరక్కుండా కార్ల సంతలో కనబడింది. అద్దానికి కట్టిన పూసలైనా విప్పలేదు."

"ఎండుపెరుగు ఉండ నోట్లో వేసుకో అవ్వా, కాసేపు ఊరుకుంటావు," అని నవ్వాడు ఎర్మెక్.

సైరాగుల్ చేతిలో కలం ఆగింది. "సరే తమ్ముడూ. రేపొచ్చి నా అమానతు నాకియ్యి అంటాను. ఇస్తావా?"

"బాకీ కడితే..."

"బాకీ ఊసెందుకిప్పుడు? అమానతు అడగ్గానే ఇవ్వాలి కదా. ఇస్తావా, ఇవ్వవా?"

"ఆఫీసులో అడగాలి."

"అయితే దాని పేరు అమానతు కాదు."

"మంచిగా చెబుతున్నానక్కా. సంతకం లేకపోయినా లాక్కుపోతాం."

"లాక్కుపోగలిగితే ఇంతసేపు నన్ను అక్కా అని పిలుస్తావా?" ఆమె తాళంచెవి గుప్పిట్లో బిగించింది. "బాకీ ఉన్నాను, కాదనను. కోర్టుకి వెళ్లు. అక్కడ నా గోడు నేనూ చెప్పుకుంటాను. తీర్పు తెస్తే తాళం నేనే ఇస్తాను. ఇష్టపడి ఇచ్చానని మాత్రం నా చేత్తో రాయను. నాకిష్టం లేదు."

కలం జీపు బానెట్ మీద పెట్టేసింది.

ఎర్మెక్ ముఖం జేవురించింది. "దిగండి!" అని ప్రయాణికుల మీద అరిచాడు. "ఈ బండి ఇవాళ కదలదు!" ఒకాయన సంచీ తీసుకుని దిగిపోయాడు. మిగిలినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలావిడ చెయ్యి చాచి తలుపు లాగి మూసుకుంది.

ఎర్మెక్ ఫోను తీసి, కార్లు లాక్కుపోయే లారీని పిలుస్తున్నాడు. సైరాగుల్ స్టీరింగు ముందు కూర్చుని అద్దంలోకి చూసింది. వెనక, కారుకి ఆనుకునేంత దగ్గరగా పుచ్చకాయల తోపుడుబండి. దాని యజమాని ఎర్మెక్ వైపు ఒకసారి చూశాడు, ఆమె వైపు ఒకసారి చూశాడు. చక్రం కింది రాయి కాలితో తన్నేసి, బండిని పక్కకి లాగడం మొదలుపెట్టాడు.

ఆమె రివర్సు గేరు వేసింది.