ఉతికిన దుప్పటి

"ఈ దుప్పటి ఇలా జల్లెడైపోయిందేంటి? మిషనే చింపుతున్నట్టుంది" అంటూ ఆదివారం పొద్దున్నే భర్త దుప్పటిని కిటికీకి అడ్డంగా పట్టాడు. అందులోంచి వీధి మొత్తం కనిపించింది. మావగారు పేపరు పక్కన పెట్టి, "రేపట్నుంచి మధ్యాహ్నం నేనే మిషను దగ్గర కుర్చీ వేసుక్కూచుంటా. సంగతేంటో తేల్చేస్తా" అన్నారు. రిటైరయ్యాక ఆయనకి దొరికిన మొదటి ఉద్యోగం అది.

వంటింట్లో అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

సంగతేంటో కోడలికి గురువారమే తెలిసిపోయింది. ఆమె కాలేజీలో సోషియాలజీ చెబుతుంది. ఆ రోజు, మనుషులు కట్టుబాట్లు ఎందుకు దాటతారో, నేరాలెందుకు చేస్తారో పాఠం చెప్పి, తలనొప్పిగా ఉందని తొందరగా ఇంటికొచ్చేసింది. వెనక గదిలో బట్టలుతికే మిషను గిరగిరా తిరుగుతోంది. అందులో ఒకే ఒక్క దుప్పటి, అదీ నిన్న ఉతికిందే. మిషనుకీ గోడకీ మధ్య చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని అత్తగారు హాయిగా నిద్రపోతోంది.

అలికిడికి ఉలిక్కిపడి లేచింది. "మీ మావయ్యకి చెప్పకే తల్లీ!"

"పడుకుంటే తప్పేంటి అత్తయ్యా?"

"చప్పుడు లేకపోతే, 'ఏమేవ్, ఖాళీయేనా?' అని కేకేస్తారు. ఖాళీయే అన్నానో, టీ పెట్టమంటారు. అదయ్యాక కళ్ళజోడు వెతకమంటారు. మిషను తిరుగుతుంటే మాత్రం పిలవరు. పాపం, పనిలో ఉన్నాననుకుంటారు."

"ఎంత తెలివండీ మీకు! ఎవరు నేర్పారు?"

"మా అమ్మ. కుళాయి విప్పేసి, బకెట్టు నిండేదాకా గోడకి జారబడి కళ్ళు మూసుకునేది."

కోడలికి పొద్దున చెప్పిన పాఠం గుర్తొచ్చింది. తిన్నని దారి మూసేస్తే మనిషి దొడ్డిదారి వెతుక్కుంటాడని కొందరంటారు. తప్పుడు పని కూడా దగ్గరివాళ్ళ దగ్గరే నేర్చుకుంటామని ఇంకొందరు. అసలు ఏ పనీ దానంతటది తప్పు కాదు, పెత్తనం ఉన్నవాళ్ళు దానికి పెట్టే పేరే తప్పు అనేవాళ్ళూ ఉన్నారు. పిల్లలకి ఆమె జేబుదొంగల్నీ పేకాటరాయుళ్ళనీ ఉదాహరణగా చెప్పింది. అసలు ఉదాహరణేమో ఇంట్లో చాప మీద గుర్రు పెడుతూ దొరికింది. మావగారు పేపరు ముఖాన కప్పుకుని కునుకు తీస్తే విశ్రాంతి. భర్త ఆఫీసు నుంచొచ్చి వాలిపోతే అలసట. అత్తగారు నడుం వాలిస్తే బద్ధకం. మరి తన మాటేంటి? క్లాసులయ్యాక ఖాళీ గదిలో కిటికీ దగ్గర ఊరికే కాసేపు కూచుని, ఇంటికొచ్చి మీటింగని చెప్పడం లేదూ? స్టాఫ్‌రూములో కూచుంటే, "మేడమ్, ఆ టీల సంగతి కాస్త చూడండి" అంటారు హెడ్డుగారు, ఇంకెవరూ కంటికి ఆననట్టు. అత్తా కోడళ్ళిద్దరిదీ ఒకటే ముఠా. ఆ మాటకి నవ్వొచ్చింది. ఆ వెనకే ఎందుకో ఏడుపూ వచ్చింది. అత్తగారంటే ఇంత ఇష్టమని తనకే తెలీదు.

ఆదివారం భోజనాలయ్యాక అత్తగారు గిన్నెలు సర్దుతూ గుసగుసగా అంది. "రేపట్నుంచి ఆ కాస్త నిద్రకీ నీళ్ళొదులుకోవడమే."

కోడలు ఆమె చేతిలో గిన్నె లాగేసి, చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళింది. చాప మీద కాదు, మంచం మీద పడుకోబెట్టింది. తలుపు బార్లా తెరిచే ఉంచింది.

"మిషను?" అంది అత్తగారు కంగారుగా.

"వద్దు."

"ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదే, అలవాటైపోయింది."

"పట్టకపోయినా పడుకోండి."

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అనుకున్నంతా అయింది. హాల్లోంచి మావగారి కేక. "ఏమేవ్, ఖాళీయేనా?"

అత్తగారు సగం లేచింది. కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, గుమ్మం దాకా వెళ్ళింది. భర్త ఫోన్లోంచి తలెత్తి చూశాడు.

"అత్తయ్య ఖాళీగా లేరు మావయ్యా, నిద్రపోతున్నారు."

వెనక్కి వచ్చి, "కాస్త జరగండి అత్తయ్యా" అని పక్కనే నడుం వాల్చాక, హాల్లోకి వినబడేలా ఇంకో మాట అంది.

"నేనూ ఖాళీగా లేను."