ముక్కల కుప్పలో మంచి బండ

తాండూరులో దేవప్ప బండల పాలిష్ యూనిట్‌కు ఒకటే ఆఫీసు గది, అందులో ఒకటే కంప్యూటరు. దాని ముందు మల్లిక కూర్చుంటుంది. ఆమె టీకి లేచిందంటే చాలు, ఆ కుర్చీలో దేవప్ప చేరి, ఆర్డర్లేమోనని వచ్చిన ప్రతి మెయిలూ తెరుస్తాడు. మనిషి బంగారమే. ఆ తెరిచే అలవాటే మల్లికకు ప్రాణసంకటమైంది.

ఎందుకంటే, వికారాబాద్ బండల షాపులో లెక్కలు చూసే చంద్రకాంత్ ఒకసారి యూనిట్‌కు వచ్చి వెళ్ళాక, ఆర్డరు కింద ఓ వాక్యం రాయడం మొదలుపెట్టాడు. మొదట్లో 'మీ దిక్కు వాన పడ్డదా' అని. పోనుపోను వాన సంగతి తగ్గి, ఆమె సంగతి పెరిగింది. ఇంట్లో మల్లిక ఫోను పేరుకే ఆమెది. అన్న పిల్లలు, వదిన, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వారిది. అందుకే నంబరు ఇవ్వలేదు. ముప్పై దాటి, ఇంట్లో ఆమె పెళ్ళి మాట ఎత్తడమే అందరూ మానేశాక, తనకంటూ నాలుగు మాటలు దొరికింది ఆ ఆఫీసు మెయిల్లోనే.

దాచే ఉపాయం కూడా ఆ యూనిట్‌లోనే నేర్చుకుంది. మనసుకు నచ్చిన బండ వస్తే దేవప్ప దాన్ని అమ్మకానికి పెట్టడు. గోడ వెనక విరిగిన ముక్కల కుప్పలో దాస్తాడు. అటు ఏ బేరగాడూ తొంగి చూడడు. మల్లికా అదే చేసింది. చంద్రకాంత్ మెయిలు చదవడం, ఆర్డరు రాసుకోవడం, మెయిలును తీసుకెళ్ళి స్పామ్‌లో పడెయ్యడం. లాటరీ తగిలిందనే మెయిళ్ళ మధ్య అతని మాటలు భద్రంగా ఉన్నాయని మురిసిపోయింది, పిచ్చిది.

ఒకరోజు అతను 'మా అమ్మను తీసుకొని మీ ఇంటికి రావచ్చా' అని అడిగాడు. 'రాండ్రి. ఏ ఆదివారమో రాయుండ్రి' అని మల్లిక జవాబు పంపింది. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మొదట ఎదురుచూసింది. తర్వాత అతని తరఫున సాకులు వెతికింది. ఆర్డర్లు కూడా ఆగిపోయేసరికి, తన మీది విముఖత బండల మీద చూపిస్తున్నాడని కుమిలిపోయింది. రమ్మని ఒకసారి చెప్పింది, రెండోసారి ఏ మొహంతో చెబుతుంది? అన్నం ముందు కూర్చుంటే మెతుకు దిగేది కాదు. వదిన అడిగితే తలనొప్పి అనేది.

చివరికి దేవప్పే షాపుకు ఫోన్ చేశాడు. షాపు యజమాని ఆయన మీదే ఎగిరాడు. ఎన్ని మెయిళ్ళు పంపినా జవాబు లేదట. దేవప్ప పరేషానై, కంప్యూటర్లు బాగుచేసే సందీప్‌ను పిలిపించాడు. చెత్త మెయిళ్ళను ఆపే సాఫ్ట్‌వేర్ ఆ మధ్య పెట్టిపోయింది అతనే.

సందీప్ కాసేపు అదీ ఇదీ నొక్కి, "దొరికింది కాకా," అన్నాడు. "వికారాబాద్ మెయిళ్ళన్ని ఎవలో స్పామ్‌ల వేసిన్రు. గా సాఫ్ట్‌వేర్ చూసి చూసి, గీ మనిషి రాసేదంత చెత్తనే అని నేర్చుకుంది. ఇప్పుడు మన మెయిల్ ప్రోగ్రాం దాక రానిస్తలేదు. నడుమనే పట్టి తన దగ్గర పెట్టుకుంటున్నది."

మల్లిక తెరకు అడ్డం వెళ్ళబోయింది. ఆగిపోయిన మెయిళ్ళు తెర మీద వరసగా పడ్డాయి. దేవప్ప కళ్ళద్దాలు సర్దుకుని వంగి, మొదటిది తెరిపించాడు. ఆర్డరు. దాని కింద, 'ఈ ఆదివారం రావాల్నా, వచ్చే ఆదివారమా? మీరు ఎట్లంటే గట్ల.'

దేవప్ప కళ్ళద్దాలు తీసేశాడు.

"నాకు అక్షరాలు కానస్తలేవు. సందీప్, పా, చాయ్ తాగొద్దాం. నువ్వు నిమ్మలంగ చదువుకో బిడ్డా."

ఇద్దరూ వెళ్ళాక చదివింది. తర్వాతి మెయిళ్ళలోనూ అదే ప్రశ్న. చివరిది నిన్నటిది, అందులో ఆర్డరే లేదు. 'మీకు ఇష్టం లేదని సమజైంది. తప్పు రాసివుంటే మాఫ్ చేయుండ్రి. ఇంక రాయ.'

మల్లిక ఏడ్చింది. అతని మాటలు చెత్త అని ఆ యంత్రానికి నేర్పింది తన చేతులే. జవాబు టైపు చేసింది గానీ పంపడానికి ధైర్యం చాల్లేదు. అక్కడ కూడా ఇలాంటిదేదో నడుమ కూర్చుని ఉంటే?

దేవప్ప గుమ్మంలో నిలబడి దగ్గాడు. "ఆగిన ఆర్డర్ల లోడు వికారాబాద్‌కు పోతున్నది. బిల్లు ఈసారి మెయిల్ల పంపకు. బిచ్చయ్య లారీల పోయి, చేతికిచ్చి రా." వెళ్ళబోతూ ఆగాడు. "మంచిదాన్ని ముక్కలల్ల దాచుడు నన్ను చూసే నేర్చుకున్నవు. కుప్ప ఎత్తిపోసేటోనికి ఏమెరుక, అండ్ల ఏమున్నదో."

షాపులో ఆమెను చూసి చంద్రకాంత్ లేచి నిలబడ్డాడు. బిల్లు అందుకున్నాడు గానీ దానివైపు చూడలేదు.

"ఇంత దూరం ఎందుకొచ్చిన్రు? మెయిల్ చేస్తే అయిపోతుండె గద."

"మీ మెయిళ్ళు ఇయ్యాల్నే చూసిన," అంది మల్లిక. "స్పామ్‌ల పడ్డయి. ఎవల కంటా పడొద్దని మొదట నేనే వేసిన." ఒక అడుగు ముందుకు వేసింది. "ఈ ఆదివారమే రాండ్రి. అమ్మను తీసుకొని. మా అన్నకు నేను చెప్త."

అతను సరేనని తల ఊపాడు. మళ్ళీ ఊపాడు.

బయట బిచ్చయ్య బండలు దించుతున్నాడు. అన్నిటికన్నా పైన, గడ్డి చుట్టిన నీలి బండ ఒకటి ఉంది. చంద్రకాంత్ అప్పుడు బిల్లు చూశాడు.

"ఇది బిల్లుల లేదు."

మల్లిక దాన్ని గుర్తుపట్టింది. ఏళ్ళ తరబడి ముక్కల కుప్పలో ఉన్న బండ అది. దేవప్ప ఎవరికీ చూపించనిది.

"అది అమ్మేది గాదట," అన్నాడు బిచ్చయ్య. "మల్లికమ్మ కాలు పెట్టే ఇంట్ల గడప కాడ వెయ్యమన్నడు మా దేవప్ప సేటు."