వేడికీ లైటుకీ మధ్య

అత్తయ్యకు చెవులు మందగించిన సంగతి ముందుగా రొట్టెలే చెప్పాయి. వేడి హద్దు దాటగానే పొయ్యికున్న గంట మోగుతుంది. అది వినబడక ఒక వాయి మొత్తం మాడిపోయింది. తర్వాత ఇంకో వాయి. బేకరీ ఓనరు కోప్పడలేదు, అదే మమ్మల్ని భయపెట్టింది. "నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత ప్యాకింగ్ బల్ల దగ్గరికి మారిపో" అన్నాడు. అత్తయ్య పొయ్యి ముందు తప్ప మరెక్కడా కుదురుగా నిలబడగా నేను చూడలేదు.

అందుకే నేనూ బావా ఒక చిన్న బోర్డు చేయాలనుకున్నాం. వేడి ఎక్కువైతే అత్తయ్య కళ్లెదుట ఎర్ర లైటు వెలగాలి. ఏ భాగం దేనికి కలవాలో సర్క్యూట్ బొమ్మ గీయడం నా పని. ఆ భాగాలను బోర్డు మీద అమర్చి రాగిదారులు వేయడం బావ పని. నేను బడిలో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ వేరు, ఫోన్లు రిపేరు చేసే బావ వాడేది వేరు. రెండూ ఎవరో రాసి అందరికీ ఉచితంగా వదిలేసినవే. కానీ ఒకదాని బొమ్మ మరొకదానికి అర్థం కాదు. మధ్యలో ఒక ఫైలు వెళ్తుంది: ఫలానా పేరున్న తీగ ఫలానా భాగాలను కలుపుతుంది అని. అత్తయ్యకు కూడా తెలియాలని ఆ పేర్లు నేను తెలుగులోనే పెట్టాను. వేడి, లైటు, గ్రౌండు తీగకేమో నేల.

ఆదివారం పొద్దున బావ తన షాపులో బోర్డు చూపించాడు. అత్తయ్య కూడా వచ్చింది, వేళ్లకు ఇంకా పిండి ఉంది.

"చూడవే మూగనోమూ, తప్పులు సున్నా అంట. తయారీకి పంపించేయనా?" అన్నాడు బావ. నేను తక్కువ మాట్లాడతానని అతను పెట్టిన పేరది.

చూశాను. వేడిని కొలిచే భాగం నుంచి గీత తిన్నగా లైటుకు పోతోంది. హద్దు దాటిందో లేదో తేల్చే చిప్ మధ్యలో ఉండాలి, దాన్ని ఆ గీత దాటేసి పోయింది. బావది చేయి తిరిగిన పని, నేను నిన్నగాక మొన్న నేర్చుకున్నదాన్ని. తప్పు నాదే అయితే?

"ఆగరా, దాని మొహం చూడు" అంది అత్తయ్య. వినబడడం తగ్గాక ఆమె అందరి మొహాలూ చదువుతోంది.

"బావా, ఇలా పంపితే లైటు వెలగదు."

"అబ్బో! నోము తీరిందా?" అన్నాడు గానీ వెంటనే నేను పంపిన ఫైలు తెరిచాడు. నా పేర్లున్న చోటల్లా ప్రశ్న గుర్తులు. బావ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు. వేడికి నాలుగు గుర్తులు, లైటుకు నాలుగు. పేరు ఒకటే కాబట్టి తీగా ఒకటే అనుకుని రెంటినీ కలిపేసింది. నేలకు మూడే గుర్తులు, అందుకే అది బతికిపోయింది. తనకు అందినదాని ప్రకారం దాని లెక్క సరైనదే.

"వేడి రెండక్షరాలే కదే?"

"గుణింతాల్ని కూడా లెక్కేస్తుంది బావా. వ, ఏత్వం, డ, గుడి. లైటు కూడా అంతే, ల, ఐత్వం, ట, కొమ్ము."

"బళ్లో గుణింతాలు ఎగ్గొట్టి తప్పించుకున్నాననుకున్నా. ఇన్నాళ్లకు ఇక్కడ దొరికిపోయా!"

ఫైలులో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. బావ దారులు మళ్లీ వేస్తే గీత చిప్ గుండా వెళ్లింది. అత్తయ్య కళ్లు చికిలించి, "ఇందులో లైటెక్కడో నాకెట్లా తెలుస్తుందిరా?" అంది.

బావ నాకేసి చూశాడు. నేను మౌస్ పట్టుకుని, అక్షరాలుగా కాకుండా బొమ్మగా, లైటు పక్కనే గీత మీద గీత కలుపుతూ 'లైటు' అని గీశాను. అలాగైతే సాఫ్ట్‌వేర్‌కు అభ్యంతరం లేకపోయింది.

నెలాఖరున ఓనరు పొయ్యి దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను అత్తయ్య పక్కనే ఉన్నాను. పొయ్యి పక్కన బిగించిన బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. ఆయన నోరు తెరిచేలోపే అత్తయ్య ట్రే బయటికి లాగేసింది, రొట్టెలు తేనె రంగులో ఉన్నాయి. ఆయన ఒకటి తుంచి నోట్లో వేసుకుని, ప్యాకింగ్ ఊసెత్తకుండా వెళ్లిపోయాడు.

అత్తయ్య బోర్డు మీది అక్షరాలను వేలితో తడిమింది. "కొమ్ము వంకరగా ఉందే అమ్మడూ."

"వంకరైనా వెలిగింది కదా అత్తయ్యా" అన్నాను, ఆమెకు వినబడేంత గట్టిగా.