పడవ బండి గుండు

బాషా తెచ్చిచ్చిన ఇనుప గుండును చేతిలోకి తీసుకున్నప్పటి నుంచే దేవయ్య మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటోంది.

ఒమాన్‌లోని అల్ సువైక్‌లో దేవయ్య పనిచేసే గ్యారేజీకీ, దాని వెనకున్న ఇంటికీ, ఒడ్డున ఉండే చేపల పడవకూ యజమాని ఒక్కడే, అందరూ అర్బాబ్ అని పిలిచే ఆసామి. ఆయన ఈ ఏడు వానల కాలానికి పిల్లలతో సలాలా పోవాలని పాత క్యారవాన్ ఒకటి కొన్నాడు. రెండు పరుపులు, ఒక స్టవ్వు పట్టే చక్రాల గది. దాన్ని కారు వెనక లాక్కుపోవడానికి హుక్కు బిగించే పని దేవయ్యది. సామాను తెచ్చిచ్చే పని కడప బాషాది.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చి తొమ్మిదేళ్లయినా దేవయ్య నోట మాట తక్కువ. కన్ను మాత్రం ఊరుకోదు. హుక్కు బంపర్‌కు బిగిస్తే చాలన్నాడు బాషా. బంపర్ అంటే రేకు, అంత బరువు లాగలేదని దేవయ్య వినలేదు. కారు కింద పడుకుని దాని ఉక్కు చట్రానికే, చాసిస్‌కే, నాలుగు బోల్టులు వేశాడు. ఇక దాని మీద గుండు నిలబెట్టాలి. క్యారవాన్ ముక్కుకున్న ఇనుప టోపీ వచ్చి ఆ గుండు మీద కూర్చుంటుంది. వెయ్యి కిలోమీటర్ల దారి పొడుగునా ఆ రెంటి నడుమ ఉన్నదే పట్టు.

"కొత్తదేనా?" అని అడిగాడు దేవయ్య.

"కొత్తది గాకపోతే నీ పెండ్లినాటిదా? బిగించబ్బా."

గుండు నిగనిగలాడుతోంది. అయితే ఒక పక్క సన్నగా అరిగింది. నట్టు విప్పితే మరచుట్ల సందులో తెల్లగా ఏదో మెరిసింది. గోటితో తీసి ఎండకు పెట్టి చూశాడు. చేప పొలుసు.

దేవయ్య పొలుసును కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. పడవను ఒడ్డుకు లాగే పికప్ దగ్గరికి నడిచి పోయి చూశాడు. దాని వెనక గుండు ఉండాల్సిన చోట ఖాళీ బెజ్జం. అంటే బాషా కొత్తది తెస్తానని చెప్పి దీన్ని ఊడబెరికాడు. మరి ఆ కొత్తదేమైంది?

మధ్యాహ్నం సుబ్బలక్ష్మమ్మ టీ తెచ్చింది. అర్బాబ్ ఇంట్లో వంటా, పిల్లల పనీ ఆమెవే.

"దేవయ్యన్నా, బాగా బిగించు నాయనా. కార్లో పిల్లోళ్లే నిండిపోతారంట. నన్ను ఆ పెట్టెలో కూసోమన్యారు, బియ్యం మూటల్తో పాటు."

దేవయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. "నిన్నా? దాంట్లనా?"

"కిటికీ ఉందిలే," అని నవ్వి పోయింది.

ఆమె అటు పోగానే దేవయ్య టోపీని గుండు మీదికి దించి మీట వేశాడు. టక్కున పడింది. చూసేవాడికి బాగానే పట్టినట్టుంది. సందులో మేకు పెట్టి నొక్కాడు. మేకు లోపలికి దిగిపోయింది; టోపీకి ఆ గుండు చిన్నది.

జేబులోంచి పొట్లం తీసి బాషా ముందు విప్పాడు. "ఇది పడవ బండిది."

బాషా ముఖం మాడింది. "అయితే ఏమి? యాడిదైనా గుండు గుండే కదా. మీట పడె, ఇంక నీకేం నొప్పి?"

"కొత్తది ఏడ అమ్ముకున్నవ్?"

"నోరు జాగర్త దేవయ్యా! నన్ను దొంగను జేస్తాండావా?"

సాయంకాలం అసర్ నమాజు అయ్యాక అర్బాబ్ వచ్చాడు. "ఖలాస్?" అన్నాడు, పని అయిందా అన్నట్టు. తెల్లవారితే ప్రయాణం.

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్నకు దేవయ్య ఎన్నడూ లేదనలేదు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది మరి. "లా, అర్బాబ్," అన్నాడు, కాలేదని.

ఊళ్లో ఎడ్లబండి కట్టాక వాళ్ల నాయన వెంటనే అదిలించేవాడు కాదు. కాడిని భుజంతో పైకెత్తి, నొగలు దానితో పాటు లేస్తేనే ఎక్కేవాడు. ఇక్కడ భుజం చాలదు. దేవయ్య క్యారవాన్ ముక్కు కింద జాకీ పెట్టి తిప్పాడు. పట్టు గట్టిదైతే కారు వెనక భాగం కూడా లేవాలి. కారు వేలెడు లేచింది. అంతలో ఠప్పున చప్పుడైంది. కారు కిందికి కూలబడింది, టోపీ గాలిలో నిలిచింది. మీట మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

వాకిట్లో నిలబడ్డ సుబ్బలక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అర్బాబ్ వంగి ఆ గుండును వేలితో తడిమాడు. హిందీలో అన్నాడు: "బాషాను ఏమీ అనకు. షాపులో దొరకలేదంటే పడవది తీయమన్నది నేనే. నీకు చెప్పొద్దన్నదీ నేనే. చెప్తే నువ్వు బిగించవు."

దేవయ్య బాషా వైపు చూడలేకపోయాడు.

ప్రయాణం ఒక రోజు ఆగింది. మరునాడు బాషానే సోహార్ పట్నం పోయి టోపీకి సరిపడే గుండు తెచ్చాడు. అట్టపెట్టె విప్పకుండానే దేవయ్య చేతిలో పెట్టాడు. "చూసుకో సామీ, దీంట్లో ఏం చేప ఉందో."

"తప్పయింది భాయ్," అన్నాడు దేవయ్య. అంటూనే అట్టపెట్టె విప్పి, గోటితో మరచుట్ల సందులు గీకి చూశాడు. బాషాకు నవ్వాగలేదు.

ఆ పై తెల్లవారి, బయల్దేరే ముందు, ఈసారి జాకీ తిప్పితే కారు వెనక భాగం జానెడు లేచి, క్యారవాన్ ముక్కుతో పాటే నిలబడింది. అర్బాబ్ తృప్తిగా తలూపి, సుబ్బలక్ష్మమ్మ ఎక్కడానికి క్యారవాన్ తలుపు తీశాడు. ఆమె కదలలేదు.

"నేను కార్లోనే కూసుంటా. చంటోణ్ని ఒళ్లో పెట్టుకుంటా. బియ్యం మూటలకేం భయం, అవి ఎనక రానీ. చెప్పన్నా."

దేవయ్య ఆ మాట అర్బాబ్‌కు హిందీలో చెప్పాడు.

"పట్టు గట్టిగా లేదా?" అన్నాడు అర్బాబ్.

"గట్టిగానే ఉంది. అయినా మనుషులు ముందే ఉండాలి."

అర్బాబ్ అతని ముఖంలోకి ఒకసారి చూసి, క్యారవాన్ తలుపు మూసి, కారు తలుపు తీశాడు.