నల్లనీళ్ళ చెంబు

తెల్లవారేసరికి నెత్తిమీద ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎగువన కొండల మీద మాత్రం నల్లగా అట్టకట్టుకుని ఉంది. అందులో మెరుపు మెరుస్తోంది గానీ ఉరుము ఇక్కడిదాకా రావడం లేదు. ఇలాంటి పొద్దంటేనే తూమన్నకు భయం. ఇక్కడ చుక్క పడకుండానే వాగు వచ్చి మీద పడుతుంది.

అప్పటికే అతను తూము గట్టు మీద గొంతుక్కూర్చుని ఇనుప కొక్కేనికి పట్టిన తుప్పును రాయితో గీకుతున్నాడు. అసలు పేరు వేరే ఉంది, ఎవరికీ గుర్తులేదు. నోరు తెరిస్తే నీళ్ళు పోతాయన్నట్టు ఉంటాడని వలలవాళ్ళు పెట్టిన పేరే అతుక్కుపోయింది.

వాగుకీ చెరువుకీ మధ్య జమ్ము మడుగు. పైన మనిషెత్తు జమ్ము, కింద మోకాలిలోతు నీళ్ళు. వేసవంతా రాలిన ఆకు ఆ నీళ్ళలోనే పడి కుళ్ళుతుంది. ఎండకు కాగి కాగి నీళ్ళు డికాషన్‌లా నల్లబడతాయి. కాలు పెడితే కుళ్ళిన గుడ్డు వాసనతో బుడగలు లేస్తాయి. ఆ నీళ్ళలో చేపకు ఊపిరాడదు. మడుగు చెరువులో కలిసేచోట ఉంది తూము. రాతి గాడుల్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్క పలకలే దాని తలుపులు. వాగు వచ్చిన రోజున పైనుంచి ఒక్కొక్క పలకే తియ్యాలి. తొందరపడితే నల్లనీళ్ళన్నీ ఒక్కపెట్టున చెరువులోకి పోయి చేప చస్తుంది. ఆలస్యమైతే మడుగు గట్టు తెగి అదే జరుగుతుంది, పైగా పక్కన చేలు కూడా పోతాయి.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి, అప్పట్లో తూము చూసే మామయ్య ఊళ్ళో లేనప్పుడు, తూమన్న రెండు పలకలు కలిపి లాగేశాడు. మర్నాడు చెరువంతా తెల్లటి చేప పొట్టలు. మామయ్య పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. అప్పట్నుంచీ పలక తీసే ముందు తూము దగ్గర నీళ్ళు చెంబుతో ముంచి మామయ్యకు చూపించడం అలవాటైంది. ఆయన వేలు ముంచి, వాసన చూసి, నాలిక్కి రాసుకుని ఉమ్మేస్తాడు. "ఊఁ" అంటే తియ్యమని. చెయ్యి అడ్డంగా ఊపితే ఆగమని. ఆయన మంచం పట్టాక కూడా అది మారలేదు. ఈలోగా తూమన్న జుట్టు నెరిసింది.

గాలి లేకుండానే జమ్ము తలలు ఊగాయి. కప్పలు ఠక్కున నోళ్ళు మూసుకున్నాయి. ఎర్రనీళ్ళు నురగను, పుల్లాపుడకను ముందుకు తోసుకుంటూ జమ్ములోకి చొరబడ్డాయి. పలకల సందుల్లోంచి నల్లటి ఊట బుసబుసమంది.

తూమన్న చెంబు పట్టుకుని గట్టు చివర ఇంటికి పరుగులాంటి నడక నడిచాడు. మామయ్య వేలు ముంచాడు. వాసన చూడ్డానికి తల లేవలేదు. తూమన్న భార్య తండ్రి వేలిని ముక్కు దగ్గరికి చేర్చింది.

"ఊఁ."

మొదటి పలక ఉబ్బి గాడిలో బిగుసుకుంది. కొక్కెం తగిలించి, పాదాలు రాతికి తన్నిపెట్టి లాగితే వచ్చింది. దాని అడుగున పట్టిన జిగురు నాచు మోచేతుల దాకా అంటింది. రెండో చెంబుకు మామయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. ఊపు కూడా కాదు, వేళ్ళు దుప్పటి మీద కాస్త పక్కకు జరిగాయి.

ఆగాడు. మడుగు మాత్రం ఆగలేదు. గట్టు వారన చీమలు గుడ్లు నోట పెట్టుకుని పైకి ఎక్కుతున్నాయి. చేలాయన అవతలి ఒడ్డు నుంచి కేకేశాడు.

"ఏమయ్యా తూమన్నా! నా చేను మునిగాక తీస్తావా?"

ఇటు పక్క పడవలో వలల పెద్ద నవ్వాడు. "ఆయనేం చేస్తాడు? కొక్కెం ఆయన చేతిలో, ముక్కు మామ దగ్గర. మధ్యలో మనిషెందుకు, చెంబుకే కాళ్ళు మొలిస్తే చాలదూ!"

నవ్వుతున్నాడన్నమాటే గానీ అతని చూపంతా తూము నోటి దగ్గర చేరిన కొంగల మీదే ఉంది. కొంగలు గుమిగూడాయంటే కింద చేప నోరు తెరుస్తోందని అర్థం. చెరువులో నల్ల చార ఒకటి కత్తితో గీసినట్టు నిలిచి ఉంది. చుట్టూ నీళ్ళతో కలవడం లేదు.

మూడో చెంబుతో వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే అడ్డంగా నిలబడి ఉంది.

"ఇలా ఇవ్వు బావా. ఇప్పుడే కన్ను మూత పడింది. నేను లేపి అడుగుతాలే, ఆ బురద కాళ్ళతో లోపలికి రాకు."

చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. తూమన్న చూరు పట్టుకుని మడుగు వైపే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఖాళీ చెంబుతో వచ్చింది.

"తియ్యమన్నాడు."

"ఊఁ అన్నాడా?"

"అన్నాడయ్యా, వెళ్ళు!"

తీశాడు. నీళ్ళు దూకాయి. నల్ల చార వెడల్పయింది, తర్వాత అంచులు చెదిరాయి. కొంగలు కదల్లేదు. ఎగువన గట్టులో ఒకచోట మట్టి కరిగి జారింది. చేలాయన కేకలు తిట్లయ్యాయి. తూమన్న మళ్ళీ చెంబు ముంచి ఇంటికి ఉరికాడు. ఈసారి ఆమె చెంబు అందుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ అనుకున్నాడు.

"అడిగాను," అంది. "నిన్నే అడగమన్నాడు."

"నన్నా? నాకేం తెలుసు?"

"నిన్నే చూసి చెప్పమన్నాడు. చూడు మరి."

తూమన్న చెంబులో వేలు ముంచాడు, వాసన చూశాడు. గుడ్డు కంపు ఉంది, కానీ దాని వెనకాల పచ్చిమట్టి వాసన గట్టిగా ఉంది. నాలిక్కి రాసుకున్నాడు. చేదు తగ్గింది. చల్లగా ఉంది. ఇన్నేళ్ళూ చెంబు మోశాడు గానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"తీసేయొచ్చు," అన్నాడు మెల్లగా. భార్య ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు.

ఆమె తల ఊపింది. చెంబు అతని చేతిలోంచి తీసుకుంది.

ఆ తర్వాతి పలకలకు ఇంటికి పోలేదు. దోసిలితో ముంచుకోవడం, వాసన చూడ్డం, ఉమ్మేయడం, లాగడం. ఎండ వాలేవేళకు చెరువులో నల్ల చార విడిపోయి ఎరుపులో కలిసిపోయింది. కొంగలు విసుగొచ్చినట్టు ఒక్కొక్కటే లేచిపోయాయి. వలల పెద్ద చాలాసేపు తొంగి చూసి, "తేలలేదయ్యా, ఒక్కటీ తేలలేదు," అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

తూమన్న కొక్కెం భుజాన వేసుకుని నాచు చేతులతోనే ఇంటికి వెళ్ళాడు. మామయ్యకు చెప్పాలని గుమ్మం బయట నుంచే నోరు తెరిచాడు. మంచం పక్కన భార్య నేలమీద కూర్చుని ఉంది. దుప్పటి మామయ్య మొహం మీదికి కప్పి ఉంది.

"రెండో చెంబు అయ్యాక, బావా," అంది. "చెయ్యి ఊపాడు చూడు, ఆ తర్వాత."

అతను కొక్కెం దింపలేదు. "మరి మూడోదానికి?"

"నేనే వాసన చూశాను. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నానుగా. తర్వాత నా వల్ల కాలేదు." పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ముందే చెప్పుంటే పలకలు అలాగే వదిలేసి వచ్చి ఇక్కడ కూలబడేవాడివి."

తూమన్న కొక్కెం దింపి ఆమె పక్కన కూర్చున్నాడు.

దీపాల వేళకు వలలవాళ్ళూ చేలాయనా కలిసి మామయ్యను మోశారు. తిరిగొచ్చాక పక్కింటి పిన్ని అన్నం, కూర తెచ్చి పెట్టి, "తినండర్రా," అని వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. బయట తూము హోరు ఒక్కటే. అతను కలుపుకున్న ముద్ద చాలాసేపు చేతిలోనే ఉంది. ఆమె తన కంచంలోంచి కూర కాస్త తీసి అతని కంచంలో వేసింది. అప్పుడు ముద్ద నోట పెట్టుకున్నాడు.

ఖాళీ మంచం కింద నాలుగో చెంబు ఆమె పెట్టినచోటే ఉంది. బురద అడుగుకు దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి.