పాలివ్వడానికి అరగంట

కూలీల మీద అజమాయిషీ చేసే మేస్త్రీ ఒక బాలింతను జుట్టు పట్టుకుని తేయాకు వాలు మీంచి రోడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. ఫ్యాక్టరీలో బొగ్గు వేసే పని నాది. గుమ్మంలో నిలబడి చూశాను. మధ్యాహ్నం బుట్ట దించి, పసిబిడ్డకు పాలివ్వడానికి కూలీల ఇళ్లుండే లైన్లలోకి పరుగెత్తింది. అదీ ఆమె నేరం. రవిక పాలతో తడిసిపోయి ఉంది. సరిగ్గా అక్కడే తన్నాడు.

"పనికొచ్చావా, పశువుల కొట్టానికొచ్చావా?"

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్లంతా చేరారు. అంట్లు తోముతూనే మీటింగు. తెల్లారకముందే వండి, నీళ్లు మోసి, పగలంతా ఆకు కోసి, మళ్లీ పొయ్యి ముందు కూలబడేవాళ్లకు వేరే తీరికెక్కడిది?

"పాలివ్వడానికి అరగంట అడుగుదాం. ఇవ్వకపోతే పిల్లల్ని తోటలోకే మోసుకుపోదాం," అంది ఒక ముసలామె. ఆమె గొంతుకు లైన్లన్నీ పెట్టిన పేరు సైరనమ్మ.

బాలింత మొగుడు గుర్రుమన్నాడు. "మీరు గొడవకు పోతే నాకు కూడెవరు వండుతారు?"

"నీ చేతులకేం రోగంరా అల్లుడూ? మేస్త్రీది కర్ర, నీది బెల్టు. దాని వీపుకేమైనా తేడా తెలిసిందేమో అడుగు!" అంది సైరనమ్మ.

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. వాడు తల దించుకున్నాడు.

మర్నాడు అరగంట అడిగితే మేస్త్రీ ఉమ్మేశాడు. ఆడవాళ్లు పిల్లలతోనే తోటలోకి నడిచారు. వాడు కర్రెత్తాడు. ఈసారి బాలింత పడలేదు. బుట్ట తీసి వాడి నెత్తిన బోర్లించింది. మిగతావాళ్లు మీదపడ్డారు. చెయ్యి విరిగి వాడు పెట్టిన కేక ఫ్యాక్టరీ దాకా వినిపించింది. మెషీన్లు ఆపి మగవాళ్లం పరుగెత్తాం.

పోలీసులొచ్చారు. లాఠీలు తల అనలేదు, నడుము అనలేదు. సైరనమ్మ నుదురు పగిలింది. బాలింతను జీపులో కుక్కారు. మొగుడి చేతుల్లో బిడ్డ గుక్కపట్టింది. వాడు జీపుకు అడ్డం పోయాడు.

"దీనికి పాలు నువ్విస్తావా సారూ?"

లాఠీ వాడి పళ్లు రాల్చింది. పడిపోతూనే బిడ్డను పక్కావిడకు అందించాడు. ఆమె ఇంకొకామెకు. దెబ్బలు తింటూనే చేతులు మార్చుకుంటూ బిడ్డను జీపు దాకా చేర్చారు. తల్లి లోపలికి లాక్కుని రొమ్ము అందించింది. ఏడుపు ఆగింది.

సైరనమ్మ జీపు ముందు చతికిలబడింది. పక్కనే ఆ మొగుడు, నోటినిండా నెత్తురు. తర్వాత నేను. తర్వాత తోటంతా.

"బిడ్డ కడుపు నిండేదాకా కదలనివ్వం! నిండాక తల్లిని దించేదాకా కదలనివ్వం!"

తుపాకులు మా మీదికి లేచాయి. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఒక్కరూ లేవలేదు.