దించని చెయ్యి

దానయ్య వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని వెదురు సూదికి నైలాను దారం చుడుతున్నాడు. అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో ఆ ఇంటి వసారాలోకి వాన కొట్టినా ఎండ పడినా ఆయన చోటు మారదు. మనిషి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకప్పుడు పడవలో నిలబడి ఆయన చెయ్యెత్తితే వల లాగేవారు, దించితే ఆపేవారు. మోకాళ్లు మొరాయించాక ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నాడు. సాయంత్రమైతే సీసా. ఆ పనికి మాత్రం ఏనాడూ బద్ధకించలేదు.

నిన్ననే ఆసుపత్రి నుంచి పట్టుబట్టి వచ్చేశాడు. డాక్టరు గౌతమి వద్దంది. క్లోమం వాచిందని, దాని కణాల్లో కాల్షియమే సైగ చేస్తుందని చెప్పింది. అన్నం తిన్నప్పుడు ఆ సైగతో జీర్ణరసం బయలుదేరాలి, వెంటనే సైగ ఆగిపోవాలి. సారా దెబ్బకు అది ఆగడం లేదు, రసం క్లోమాన్నే అరిగించేస్తోంది.

"అంటే సెయ్యెత్తినోడు దించడం మర్సిపోనాడన్నమాట, డాక్టర్ దీదీ," అన్నాడు దానయ్య. ఆమె అవునంది.

తర్వాత ఆయన భార్య తాతమ్మను పక్కకు పిలిచింది. ఈ జబ్బు ముదిరి రక్తంలో కాల్షియం పడిపోతే చేతివేళ్లు ముడుచుకుపోతాయని, అలా కనిపిస్తే క్షణం ఆగకుండా తీసుకురమ్మని చెప్పింది. అప్పటి నుంచీ తాతమ్మ మొగుడి చేతులే చూస్తోంది. ఈయన పోతే తిట్టడానికైనా తనకు మనిషి మిగలడు. అదీ ఆమె భయం.

"పడుకోవయ్యా. వలేటి పారిపోద్దా?"

"బస్, ఈ సిరుగొక్కటే. తెల్లారితే గణేష్ ఏటకెల్లాల."

గణేష్ వాళ్ల కొడుకు. తాతమ్మ ఇచ్చిన గంజి దానయ్య రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. మధ్యాహ్నం ఆమె చేపలు ఆరబెట్టి వచ్చేసరికి స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. సూది జారి వల మీద పడింది. కుడిచేతి వేళ్లన్నీ కొసల దగ్గర కలిసి, బొటనవేలు లోపలికి నొక్కుకుని, మణికట్టు వంగి ఉంది. ముడుచుకోవడమంటే పిడికిలి అనుకుంది తాతమ్మ. ఇది పిడికిలి కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్న చెయ్యే, సూది పట్టిన చెయ్యి.

"నిద్దట్లో కూడా అల్లుతున్నావేటయ్యా," అని నవ్వుకుంది. ముచ్చటపడి సూది తీసి ఆ వేళ్ల మధ్య పెట్టింది. చక్కగా ఇమిడింది. దుప్పటి కప్పి, హాయిగా వంట మొదలుపెట్టింది.

సాయంత్రం గణేష్ వచ్చి, వల చూద్దామని దుప్పటి తొలగించాడు.

"అమ్మా, ఎడం సెయ్యీ అలాగే ఉందేటి?"

తాతమ్మ చేతిలోని గరిటె అలాగే నిలిచిపోయింది. ఎడం చేత్తో ఆయన ఎన్నడూ సూది పట్టలేదు.

ఆసుపత్రికి వెళ్లే దారిలో, ఆటో గోల్ ఘర్ చేరకముందే, కొడుకు ఒళ్లో, దానయ్య ఊపిరి ఆగింది. ఎవరూ తాతమ్మను ఏమీ అనలేదు. "ఆ సెయ్యి నాకు తెలుసనుకున్నాను," అని మాత్రం గణేష్‌తో అంది. ఆ మాట చెబుతూ ఏడ్చింది.

మర్నాడు పడవ వేటకు వెళ్లలేదు. వసారాలో వల అలాగే పరిచి ఉంది. చిరుగులో ఒక్క కన్ను అల్లాల్సి ఉంది. దాని అంచున, సగం దారంతో, వెదురు సూది పడి ఉంది.